చూపు కుదిర్చిన చిన్న సాధనం

మహాభవనాన్ని చూడవచ్చినవారు దాని శిఖరాన్ని మెచ్చుకుంటారు. తలుపు బందును మెచ్చుకొనేవారు అరుదు. అయినా ప్రతి ఉదయం ఆ తలుపు తెరుచుకొనేది ఆ బందు వల్లనే. పరావర్తక దూరదర్శిని విషయంలోనూ లోకం తీరు ఇటువంటిదే. ఎవరైనా తమ ఇంటి మేడ మీద దూరదర్శినిని నిలిపితే, చూడవచ్చినవారు మొదట అడిగే ప్రశ్న "దర్పణం ఎన్ని అంగుళాలు?" అన్నదే. ఆ దర్పణం కూర్చి పంపిన కాంతిని కంటికి అందించే చోట, గొట్టం పక్కన, అరచేతిలో ఇమిడే ఒక చిన్న సాధనం ఉంటుంది. దాన్ని గురించి ఎవరూ అడగరు. దాని పేరు ఫోకసర్. దర్పణం ఎంత గొప్పదైనా, ఈ చిన్న సాధనం సహకరించని రాత్రి అది గుడ్డి కన్నుతో సమానం.

ఈ మాట అతిశయోక్తి కాదని తెలియాలంటే దూరదర్శినిలో కాంతి నడిచే తోవను ఒకసారి గమనించాలి. నక్షత్రాల నుంచి వచ్చే కిరణాలు గొట్టం నోట సమాంతరంగా ప్రవేశించి, అడుగున ఉన్న పుటాకార దర్పణం మీద పడతాయి. దర్పణం వాటిని వెనుదిప్పి ఒక చోటికి మళ్లిస్తుంది. అవి అక్కడికి చేరకముందే, గొట్టం పైభాగంలో 45 డిగ్రీల వాలుతో నిలిచిన చిన్న సమతల దర్పణం వాటిని పక్కకు తిప్పి, గొట్టానికి ఉన్న రంధ్రం గుండా బయటికి పంపుతుంది. ఐజాక్ న్యూటన్ 1668లో నిర్మించిన దూరదర్శినిలోని అమరిక ఇదే. నేటి ఔత్సాహికుల మేడల మీద ఉన్న అనేక దూరదర్శినుల్లోనూ ఇదే అమరిక. బయటికి వచ్చిన కిరణాలు కూడే బిందువు దగ్గర అక్షికటకాన్ని నిలపాలి. అక్షికటకాన్ని వెంట్రుకవాసి ముందుకు, వెనుకకు జరిపి సరియైన చోట నిలిపే పని ఫోకసర్‌ది.

కిరణాలు కూడే ఆ చోటును మన భౌతికశాస్త్ర గ్రంథాలు నాభి అంటాయి. సంస్కృతంలో నాభి అంటే బొడ్డు. బండిచక్రంలో ఆకులన్నీ వచ్చి చేరే నడిమి భాగాన్ని కూడా నాభి అనే అంటారు. పాశ్చాత్యుల ఫోకస్ అనే పదానికి లాటిన్ భాషలో పొయ్యి అని అర్థం. జర్మనీ దేశపు ఖగోళవేత్త యోహానెస్ కెప్లర్ 1604లో వెలువరించిన కాంతిశాస్త్ర గ్రంథంలో ఆ పదానికి శాస్త్రార్థం కల్పించాడు. ఒక భాష చక్రాన్ని తలచింది, మరొక భాష ఇంటి పొయ్యిని తలచింది. చెదిరి ఉన్నవన్నీ వచ్చి చేరే చోటు అన్న భావం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. ఏకాగ్రత అన్న పదాన్ని విడదీసి చూసినా ఒకే కొనను కలిగి ఉండటం అనే అర్థం తోస్తుంది. నాభి కుదిరిన దూరదర్శినిలో నక్షత్రం సరిగ్గా అలాగే కనబడుతుంది. కుదరకపోతే అదే నక్షత్రం ఉబ్బి మసక బిళ్ల అవుతుంది.

ఆ కుదురు ఎంత సున్నితమైనదో లెక్క వేయవచ్చు. 150 మిల్లీమీటర్ల వ్యాసం, 750 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల దర్పణాన్ని తీసుకొందాం. నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే 5 వస్తుంది. దీన్నే నాభి నిష్పత్తి అంటారు. బింబపు నాణ్యత చెడకుండా అక్షికటకం ముందుకో వెనుకకో ఎంత దూరం తప్పవచ్చో తెలియాలంటే, కాంతి తరంగదైర్ఘ్యానికి రెట్టింపును నాభి నిష్పత్తి వర్గంతో గుణించాలి. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.55 మైక్రాన్లు. గుణిస్తే వచ్చేది 27.5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు. తల వెంట్రుక మందంలో సగానికి కూడా చాలని దూరమిది. నాభి నిష్పత్తి 8 ఉన్న పొడవాటి దూరదర్శినిలో ఈ వెసులుబాటు 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. గొట్టం పొట్టిదై మోయడానికి అనువైనకొద్దీ ఫోకసర్ మీద పడే బాధ్యత బరువెక్కుతుంది.

ఈ సున్నితత్వం వెనుక ఎంతటి ప్రయోజనం దాగి ఉందో ఒక చారిత్రక సంఘటన చెబుతుంది. ఇంగ్లండులోని బాత్ నగరంలో విలియం హెర్షెల్ అనే సంగీత విద్వాంసుడు ఉండేవాడు. పగలు సంగీతం నేర్పడం అతని వృత్తి, రాత్రి తన చేతులతో అరగదీసిన దర్పణాలతో ఆకాశాన్ని పరిశీలించడం ప్రవృత్తి. 1781 మార్చి 13వ తేదీ రాత్రి 6.2 అంగుళాల దర్పణం గల తన దూరదర్శినిలో అతడు ఒక చుక్కను చూశాడు. అది తక్కిన నక్షత్రాల వలె బిందువుగా లేదు, చిన్న బిళ్లగా ఉంది. అతడు 227 రెట్ల ఆవర్ధనాన్ని 460 రెట్లకు, ఆపైన 932 రెట్లకు పెంచి చూశాడు. పక్కనున్న నక్షత్రాలు ఆ నిష్పత్తిలో పెరగలేదు, ఆ బిళ్ల మాత్రం పెరిగింది. హెర్షెల్ మొదట దాన్ని తోకచుక్క అనుకొన్నాడు. అది సూర్యుని చుట్టూ తిరిగే కొత్త గ్రహమని తరువాత తేలింది. అదే యురేనస్. దానికి దాదాపు తొంభై ఏళ్లకు ముందే, 1690లో, జాన్ ఫ్లామ్‌స్టీడ్ దాన్ని చూచి ఉండి కూడా నక్షత్రమని తన పట్టికలో వ్రాసుకొన్నాడు.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. నాభి తప్పితే ప్రతి నక్షత్రమూ బిళ్లగానే కనబడుతుంది. కాబట్టి బిళ్లగా కనబడినంత మాత్రాన ఏదీ గ్రహం కాదు. చుట్టూ ఉన్న నక్షత్రాలు బిందువులై నిలిచినప్పుడు, అది ఒక్కటే బిళ్లగా మిగలాలి. ఆ తేడాను నమ్మాలంటే అక్షికటకం సరైన చోట కుదిరిందన్న నమ్మకం ముందుండాలి. సౌరకుటుంబపు ఎల్లలను రెట్టింపు దూరానికి జరిపిన ఆవిష్కరణకు కుదిరిన చూపే ఆధారమైంది.

ఇక సామాన్యుల సంగతి. ఒక ఇంట పొదుపు చేసిన డబ్బుతో తండ్రి ఒక చిన్న పరావర్తక దూరదర్శినిని కొని తెస్తాడు. రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ మేడ ఎక్కుతారు. శనిగ్రహాన్ని అతి కష్టం మీద గొట్టంలోకి తెస్తాడు. పిడి తిప్పుతాడు. బింబం కుదిరినట్లే ఉండి కుదురు దాటిపోతుంది. వెనుకకు తిప్పితే మొదట కొంతసేపు పిడి ఉత్తినే తిరుగుతుంది, తరువాత ఒక్కసారిగా గొట్టం కదిలి, గ్రహం చూపు పరిధి నుంచే తప్పుకొంటుంది. ఎలాగో నిలిపి కూతురిని పిలుస్తాడు. ఆ పిల్ల కన్ను ఆనించి చూచి, "మసక బొట్టు తప్ప ఏమీ లేదు నాన్నా" అంటుంది. నాలుగు రాత్రులు ఇలా గడిస్తే ఐదో రాత్రి మేడ ఎక్కేవారుండరు. దూరదర్శిని అటక ఎక్కుతుంది. దాని దర్పణంలో ఏ లోపమూ లేదు. ఒక పిల్లకు ఆకాశం మీద పుట్టవలసిన ఆసక్తి మాత్రం పుట్టకుండానే పోయింది.

లోపమంతా ఫోకసర్‌లో ఉంది. చవక దూరదర్శినులకు చిరకాలంగా అమర్చుతూ వచ్చిన ఫోకసర్ పళ్ల అమరికతో పనిచేస్తుంది. అక్షికటకాన్ని మోసే గొట్టానికి నిలువుగా ఒక పళ్ల బద్ద ఉంటుంది. పిడి ఇరుసుకున్న చిన్న పళ్ల చక్రం ఆ బద్దలో ఇమిడి తిరుగుతుంది. ఇది మంచి సూత్రమే. నేర్పుతో చెక్కితే చక్కగా పనిచేస్తుంది. చవకగా చేసినప్పుడు పంటికీ పంటికీ నడుమ ఖాళీ మిగులుతుంది. పిడిని వెనుకకు తిప్పినప్పుడు ఆ ఖాళీ నిండేవరకు గొట్టం కదలదు. ఆ వదులును కప్పిపుచ్చడానికి చిక్కని గ్రీజు దట్టంగా పూస్తారు. చలిరాత్రి అది గడ్డకట్టి పిడి బిగుసుకొంటుంది. పైగా దిశ మార్చిన ప్రతిసారీ గొట్టం ఒక పక్కకు వాలి, బింబం పక్కకు జరుగుతుంది. 27 మైక్రాన్ల నిగ్రహం కావలసిన చోట ఇటువంటి వదులు ఉంటే ఫలితం ఊహించవచ్చు.

ఈ చిక్కును విప్పినవాడు జాన్ వాల్ అనే ఆంగ్లేయుడు. లండన్ ఆగ్నేయ శివారులో క్రేఫర్డ్ అనే ఊరుంది. ఒకప్పుడు మరతుపాకులు తయారుచేసిన వికర్స్ కర్మాగారం వల్ల ఆ ఊరికి పేరు. అక్కడి క్రేఫర్డ్ మేనర్ హౌస్ ఖగోళ సంఘంలో వాల్ ఒక సభ్యుడు. అతడు వేసుకొన్న ప్రశ్న చాలా సులభమైనది. పళ్ల వల్లనే ఈ చిక్కంతా వస్తున్నప్పుడు పళ్లు ఎందుకు?

అతడు పళ్లను పూర్తిగా తీసివేశాడు. కదిలే గొట్టాన్ని ఒక పక్క నాలుగు బాల్ బేరింగుల మీద ఆనించాడు. వాటిని రెండేసి చొప్పున, గొట్టం ఒడిలో ఒదిగినట్లు వాలుగా అమర్చాడు. ఎదుటి పక్క నుంచి నున్నని ఉక్కు ఇరుసు ఒకటి గొట్టాన్ని ఆ బేరింగుల మీదికి అదిమి పట్టుకొంటుంది. ఇరుసును తిప్పితే ఘర్షణ వల్ల గొట్టం జరుగుతుంది. ఇంతే ఈ యంత్రం. మజ్జిగ చిలికే కవ్వానికి పళ్లు లేవు, దానికి చుట్టిన తాడుకూ పళ్లు లేవు. తాడు బిగువు వల్లనే కవ్వం తిరుగుతుంది. వాల్ పట్టుకొన్న సూత్రమూ అదే. పళ్లు లేవు కనుక ఖాళీ తిరుగుడు లేదు. గొట్టం ఎప్పుడూ బేరింగులకు అదిమి ఉంటుంది కనుక పక్కకు వాలడం లేదు. గ్రీజు అక్కరలేదు కనుక చలికి బిగుసుకోవడమూ లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. దీన్ని చేయడానికి పళ్లు కోసే ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఒక గొట్టం, నాలుగు బేరింగులు, ఒక కడ్డీ, కొన్ని మరలు ఉంటే ఇంటి కార్ఖానాలోనే దీన్ని కూర్చుకోవచ్చు.

అప్పుడు వాల్ ఎదుట రెండు దారులు ఉన్నాయి. పేటెంట్ తీసుకొని, ఆ సాధనాన్ని చేయదలచిన ప్రతివారి నుంచీ రుసుము తీసుకోవడం ఒక దారి. అందరికీ చెప్పివేయడం మరొక దారి. అతడు రెండవ దారినే ఎంచుకొన్నాడు. తన సంఘంలోని మిత్రులకు చూపాడు. 1971, 1972 సంవత్సరాల్లో దాని వివరాలు పత్రికల్లో వెలువడ్డాయి. అమెరికా నుంచి వెలువడే స్కై అండ్ టెలిస్కోప్ పత్రిక కూడా 1972లో దాన్ని ప్రకటించింది. చదివినవారు చేసుకొన్నారు, చేసుకొన్నవారు మెరుగుపెట్టారు. కాలక్రమంలో కర్మాగారాలూ దాన్ని చేపట్టాయి. నేడు మధ్యరకపు దూరదర్శినులకు కూడా ఆ రకపు ఫోకసర్ అమర్చి వస్తున్నది. ఒక పెద్ద పిడికి తోడుగా, పది చుట్లు తిప్పితే పెద్ద పిడి ఒక చుట్టుతో సమానమయ్యే చిన్న పిడి కూడా వీటిలో చాలావాటికి ఉంటుంది.

పాత దూరదర్శినికి కొత్త ఫోకసర్‌ను అమర్చుకోవడం కొనుక్కొని బిగించినంత సులభం కాదు. అది కొంత ఓర్పునూ, కొంత ముందుచూపునూ కోరుతుంది. మొదట చూడవలసింది ఎత్తు. కొత్త సాధనం పాతదానికన్నా ఎత్తయితే అక్షికటకం నాభి దాకా లోపలికి దిగలేదు. అప్పుడు అడుగునున్న ప్రధాన దర్పణాన్ని, లోటు ఎంత ఉందో అంత, పైకి జరపాలి. దర్పణం 20 మిల్లీమీటర్లు పైకి జరిగితే నాభి కూడా గొట్టం బయటికి 20 మిల్లీమీటర్లు వస్తుంది. రెండవది ఆధారఫలకం. గొట్టపు వంపుకు సరిపోయే వంపు దానికీ ఉండాలి. లేకపోతే నడుమ చెక్కముక్కను అదే వంపులో చెక్కి పెట్టుకోవాలి. మూడవది మరల రంధ్రాలు. పాతవి కొత్తవాటితో కలవడం అరుదు కనుక మళ్లీ రంధ్రాలు వేయవలసి వస్తుంది. వేయడానికి ముందు రెండు దర్పణాలనూ విప్పి, మెత్తని గుడ్డలో చుట్టి దూరంగా భద్రపరచాలి. లోహపు రజను ఒక్కటి పడినా దర్పణపు పూత మీద మాయని గీత మిగులుతుంది.

బిగించిన తరువాత కూడా పని ముగియదు. ఫోకసర్ గొట్టానికి లంబంగా నిలిచిందో లేదో కొలవాలి. నడుమ చిన్న బెజ్జం గల మూతను దానికి తగిలించి, అందులోంచి చూచి, చిన్న దర్పణం సరిగ్గా ఎదుట నిలిచేటట్లు సర్దాలి. ఆపైన ప్రధాన దర్పణాన్ని దానితో ఒక వరుసకు తేవాలి. ఇరుసు అదుమును బిగించే మరను ఎంత తిప్పాలో చేతికే తెలియాలి. వదులైతే గొట్టం జారుతుంది. మరీ బిగిస్తే ఇరుసు బరువుగా తిరిగి, ఆ బలానికి దూరదర్శిని మొత్తం అదురుతుంది. వీణ తీగను సారించేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతా చేసినా ఈ సాధనం సర్వరోగ నివారిణి కాదు. గాలి చలించే రాత్రి ఏ ఫోకసరూ గ్రహాన్ని నిశ్చలంగా నిలపలేదు. బరువైన కెమెరాను తగిలిస్తే, ఘర్షణ మీదనే ఆధారపడిన గొట్టం జారవచ్చు. అందువల్ల బరువైన కెమెరాలతో ఛాయాచిత్రాలు తీసేవారిలో పలువురు, నేర్పుతో చెక్కిన ఏటవాలు పళ్ల ఫోకసర్లను మళ్లీ ఆశ్రయించారు. వాల్ దోషంగా చూచింది పంటిని కాదు, వదులును అన్న సంగతి ఇక్కడ బోధపడుతుంది. వదులు లేకుండా చేస్తే పళ్లూ మంచివే, మోతాదు తెలిసి అదిమితే ఘర్షణా మంచిదే.

ఇలా తన చేతిలోని విద్యను దాచుకోక పంచినవారు ఆకాశాన్ని ప్రేమించినవారిలో మరికొందరు ఉన్నారు. అమెరికాకు చెందిన జాన్ డాబ్సన్ అటువంటివాడు. 1915లో బీజింగులో పుట్టి, 2014లో మరణించిన ఇతడు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత ఆశ్రమంలో 1944 నుంచి 1967 వరకు సన్యాసిగా ఉన్నాడు. పారవేసిన గాజుపలకలను అరగదీసి దర్పణాలు చేశాడు. అట్టగొట్టాలతో, చెక్కపలకలతో వాటిని నిలిపే సులభమైన పీఠాన్ని కల్పించాడు. వీధి మొగలో నిలబడి దారినపోయేవారిని పిలిచి చంద్రుణ్ణి చూపాడు. అతడూ తన పీఠానికి పేటెంట్ కోరలేదు. ఒకరు దూరదర్శినిని నిలబెట్టే చెక్కపెట్టెను ఇచ్చారు, మరొకరు చూపును నిలబెట్టే చిన్న సాధనాన్ని ఇచ్చారు. ఇద్దరూ ఇచ్చింది చూచే అవకాశాన్నే.

దూరదర్శిని సరిగా కనబడకపోతే మనిషికి మొదట తోచే ఉపాయం ఇంకా పెద్ద దర్పణం కొనడం. లోకంలో చాలా విషయాల్లో మనం చేసే పని ఇదే. విద్య అబ్బకపోతే ఇంకా పెద్ద కళాశాలను వెతుకుతాం. మాట కుదరకపోతే ఇంకా పెద్ద మాటలు నేర్చుకొంటాం. ఉన్న దర్పణంలో దిగిన కాంతి కంటిదాకా చేరకుండా ఎక్కడ చెదిరిపోతున్నదో వెతకం. ఆ చోటు చాలాసార్లు చిన్నదై ఉంటుంది. దాన్ని బాగుచేసుకోవడానికి కావలసింది ధనంకన్నా ఓర్పు.

అటక ఎక్కిన దూరదర్శినిని ఆ తండ్రి మళ్లీ దించాడనుకొందాం. కొత్త ఫోకసర్‌ను అమర్చి, దర్పణాలు సర్ది, వలయాలు బాగా విచ్చుకొన్న కాలంలో ఒక నిశ్చలమైన రాత్రి శనిగ్రహాన్ని చూపు పరిధిలోకి తెచ్చాడు. పెద్ద పిడితో దగ్గరకు తెచ్చి, చిన్న పిడిని ఒక్క వేలితో తిప్పాడు. పసుపు మసక మెల్లగా కుంచించుకొంది, అంచు కట్టింది, నిలిచింది. కూతురు కన్ను ఆనించింది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఉంగరం నడుమ సన్నని నల్లగీత ఉంది నాన్నా" అంది. 1675లో కస్సీని అనే ఖగోళవేత్త మొదట గుర్తించిన ఎడం అది. ఆ పిల్ల దాన్ని పుస్తకంలో చదివి చెప్పలేదు, కంటితో చూచి చెప్పింది.

జాన్ వాల్ తరువాతి కాలంలో 30 అంగుళాల కటకంతో ఒక భారీ దూరదర్శినిని నిర్మించాడు. అది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని హాన్వెల్ అనే గ్రామపు వేధశాలకు చేరింది. అయినా అతని పని ఎక్కువమంది చేతికి అందింది ఆ అరచేతి సాధనం రూపంలోనే. విచిత్రమేమంటే ఆ సాధనానికి అతని పేరు లేదు. లోకమంతా దాన్ని క్రేఫర్డ్ ఫోకసర్ అనే పిలుస్తుంది. ఊరి పేరే ఇంటిపేరై నిలవడం తెలుగువారికి తెలియని సంగతి కాదు. మరతుపాకులకు పేరుపడిన ఆ ఊరి పేరు, ఈనాడు ప్రపంచంలోని ఎన్నో మేడల మీద, నక్షత్రాన్ని బిందువుగా నిలపాలని వేలితో పిడిని మెల్లగా తిప్పేవారి నోట వినిపిస్తున్నది.